చిలకల వంతు

మా నాయన మొండివాడు. ఆ మొండితనం నాకూ వచ్చిందని అమ్మ అంటుంది గానీ, ఆ ఏడు టోకెను చేతికి రాకముందే కాయ కోయించిన మొండితనం మాత్రం పూర్తిగా ఆయనదే.

బంగారుపాళ్యం దగ్గర మా తోటంతా తోతాపురి మామిడి. ముక్కు తిరిగిన ఆ కాయను పచ్చిగా ఉన్నప్పుడు ఉప్పుకారం అద్దుకుని తింటాం, పప్పులో వేస్తాం, ముక్కలు ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటాం. ఎన్ని చేసినా ఒక్క చెట్టు కాయ కూడా ఇంట్లో చెల్లదు. మిగతాదంతా హైవే పక్కనున్న గుజ్జు ఫ్యాక్టరీకి పోవలసిందే. వాళ్ళు టోకెను ఇచ్చి ఫలానా రోజు తెమ్మంటారు. అప్పుడే కోయాలి. ఈ సంగతి మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

నాయనకు తెలియక కాదు. పక్క తోటకు వచ్చిన కోతకూలీలు మర్నాడు వెళ్ళిపోతారు, మళ్ళీ దొరకరు. గాలి రోజురోజుకూ పెరుగుతోంది, కాయ రాలిపోతోంది. "రేపో ఎల్లుండో టోకెను వస్తాదని చెప్పినారు లే" అని మొత్తం కోయించేశాడు. ఎప్పటిలాగే ప్రతి చెట్టుకూ తలకొమ్మన నాలుగు కాయలు మాత్రం వదిలించాడు. అవి చిలకల వంతు. వాటి జోలికి పోతే మరుసటేడు చెట్టు అలుగుతుందని ఆయన నమ్మకం. నాకు బుద్ధి తెలిశాక వాటి మీద ఎవరూ దోటికర్ర ఎత్తింది లేదు.

టోకెను రాలేదు. వరసలో నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు పిలవకపోతారా అని నాయన ట్రాక్టరు తోలుకుని ఫ్యాక్టరీకి పోయాడు. మూడు రోజులు ఆ రోడ్డు మీదే ఉన్నాడు. నాకు బడి సెలవులు, రోజూ మధ్యాహ్నం బస్సులో క్యారియరు తీసుకెళ్ళేదాన్ని. ఆయన రెండు ముద్దలు తిని, మిగిలింది వెనక ట్రాక్టరాయనకు పెట్టేవాడు. మూడో రోజుకు అడుగు కాయ ఆవిరికి మగ్గి, ట్రాలీ కింద తారు మీదికి రసం కారుతోంది. గేటు మనిషి వచ్చి ఒక కాయను బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది.

"మెత్తబడిపోయిండాది పెద్దాయనా. టోకెనూ లేదు. ఎనక్కి తోలుకోని పో."

"కోసేసినాను గదబ్బా. మళ్ళా కొమ్మకు యాడ తగిలించేది?"

అతను వెనక ట్రాక్టరు దగ్గరికి పోయాడు. నాకు ఏడుపు వచ్చింది. నాయన ముందు ఏడవలేక క్యారియరు మూత బిగించసాగాను. అది ముందే బిగించి ఉంది.

తిరిగొచ్చే దారిలో రోడ్డు పక్కన ఎవరెవరో పారబోసిన కాయలు గుట్టలుగా ఉన్నాయి. మాది కూడా అక్కడే పోసి రావాల్సిందని ఇంటికొచ్చాక నేనంటే అమ్మ విరుచుకుపడింది. "తినే వస్తువును రోడ్డు మీద పోస్తారా యాడన్నా? తాండ్ర పోద్దాం." పండు పిసికి, బెల్లం కలిపి, మిద్దె మీద పాత పంచెలు పరిచి పొర మీద పొర పోశాం. ఏనుగు దాహానికి చూరు నీళ్ళు! పంచెలు అయిపోయాయి, పెరట్లో కుప్ప మాత్రం తరగలేదు.

ఊరికే ఇద్దామన్నా తీసుకునేవాళ్ళు లేరు. ప్రతి ఇంటి ముందూ అదే కుప్ప. సంచీ నింపుకుని పోయి బస్సు కండక్టరుకు ఇవ్వబోతే, "మా ఇంటికాడ ఆవులే తినేది మానేసినాయమ్మా" అన్నాడు. నవ్వాను. దిగేటప్పుడు సంచీ మళ్ళీ నా భుజానికే ఉంది.

మూడో పొర ఆరకముందే వాన పడింది. తాండ్ర పులిసిపోయింది. అమ్మ ఆ పంచెలన్నీ ఉతికి ఆరేసింది. నాయనా నేనూ తోటలో గుంత తవ్వి, ఆ కాయంతా అది కాసిన చెట్ల పక్కనే పూడ్చిపెట్టాం.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. టోకెను వచ్చిందట, రేపు ఎనిమిదింటికి కాయ తెమ్మన్నారు. "సరే సార్" అన్నాడు నాయన. నేనైతే నోటికొచ్చినట్టు తిట్టి ఉండేదాన్ని. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, గోడకు ఆనించిన దోటికర్ర తీసుకుని తోటలోకి నడిచాడు. వెనకాలే పరిగెత్తాను.

మొదటి చెట్టు కింద నిలబడి, తలకొమ్మనున్న కాయ తొడిమకు కొక్కెం తగిలించాడు.

"నాయనా, అవి చిలకలవి."

"తెలుసు పాపా. టోకెను వచ్చినాక ఉత్త చేతుల్తో యాట్ట పోయేది?"

పోయి, కాయ తెగకుండా కర్ర పట్టుకున్నాను. ఆయన వదల్లేదు, లాగనూ లేదు.