పిన్నికి లేని జబ్బు

బందరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను కానీ, ఇంటర్‌లో నేను తప్పింది ఇంగ్లీషే. ఈ సంగతి మొన్నమొన్నటిదాకా మా నాన్నకు తెలియదు. తప్పితే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తానని పరీక్షలకు ముందే ఆయన తేల్చి చెప్పాడు. అందుకే ఫలితాలు వచ్చిన రోజు అమ్మ "పాసైంది" అని ఒక్క ముక్కలో చెప్పేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మళ్లీ పరీక్ష రాయాలంటే నన్ను గుడివాడలో పిన్ని దగ్గరకు పంపాలి. ఊరికే పంపితే అనుమానం. "చెల్లికి ఒంట్లో బాగాలేదు, సాయానికి పిల్లని పంపుతున్నాను" అంది. పిన్ని నిక్షేపంలా ఉంది. నేను చదువుతుంటే కారప్పూస చేసి పెట్టేది.

చిక్కంతా నాన్నతో వచ్చింది. ఆయన ఆ మాట నమ్మి అంతటితో ఊరుకోలేదు. దివిసీమలోని మా పల్లె చర్చిలో చెప్పి, ప్రార్థన అంశాల్లో పిన్ని జబ్బును చేర్పించాడు. నెల రోజులు సంఘమంతా ఆవిడ కోసం ప్రార్థించింది. నేను పాసై తిరిగొచ్చాక, దేవుడు స్వస్థపరిచాడని నాన్న లేచి సాక్ష్యం కూడా చెప్పాడు. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నవ్వాపుకుంటోందని అనుకున్నాను.

ఇరవై ఏళ్లు గడిచాయి. మొన్న సెలవులకు ఇంటికెళ్లి పేపర్లు దిద్దుతున్నాను. ఇంగ్లీషులో రంగుల పేర్లతో ఉండే నుడికారాల మీద పరీక్ష. 'వైట్ లై'తో వాక్యం రాయమంటే, గిలకలదిండి నుంచి వచ్చే ఒకమ్మాయి "మా అన్న చేపల వేటకు వెళ్తున్నానని చెప్పి సినిమాకు వెళ్లాడు, అది వైట్ లై" అని రాసింది. సున్నా వేసి పైకే విసుక్కున్నాను. పక్కన రొయ్యలు వలుస్తున్న అమ్మ ఏమిటని అడిగింది.

"తెల్ల అబద్ధం అంటారమ్మా. సొంత లాభానికి ఆడేది కాదు. కూరలో ఉప్పు లేకపోయినా, వండినవాళ్లు చిన్నబోకుండా బాగుందంటామే, అలాంటిది. ఎవరికీ నష్టం ఉండకూడదు."

అమ్మ చెయ్యి ఆగింది. "మరి పిన్ని పేరు చెప్పి నేనాడింది?"

"అది తెల్లదే."

"సంఘమంతా మోకాళ్ల మీద ఉందే! మీ నాన్న ఉపవాసాలు కూడా ఉన్నాడు. అదేం తెలుపే?"

పిల్లలెవరైనా నేను చెప్పిన ఆ జవాబు రాస్తే సున్నా వేసేదాన్నే.

ఆదివారం సాక్ష్యాల వేళ అమ్మ లేచి నిలబడింది. జన్మలో ఎన్నడూ చర్చిలో నోరు విప్పని మనిషి. కొంగు పట్టి లాగాను, విదిలించుకుంది. అబద్ధమాడాడని సొంత తమ్ముడితోనే మూడేళ్లు మాట్లాడని మనిషి మా నాన్న. అమ్మతోనూ మాట్లాడడం మానేస్తే?

"ఆ రోజుల్లో మా చెల్లికి ఏ జబ్బూ లేదండీ. పిల్ల పరీక్ష తప్పింది. ఆయనకి తెలిస్తే చదువాగిపోద్దని నేనే అబద్ధం చెప్పాను. మీ అందరి చేతా ప్రార్థన చేయించాను. అందుకు క్షమించమని అడుగుతున్నాను. పిల్ల చదువుకున్నందుకు మాత్రం నాకు బాధ లేదండీ. మళ్లీ ఆ రోజొస్తే ఏం చేస్తానో దేవుడికే తెలుసు."

సాక్ష్యం ముగిశాక అందరూ స్తోత్రం చెప్పాలి. ఆ రోజు ఎవరికీ నోరు రాలేదు. పాస్టరుగారు సైతం మగవాళ్ల వైపు కూర్చున్న నాన్ననే చూస్తున్నారు. నాన్న మెల్లగా లేచాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ ప్రార్థన వృథా పోయిందని ఎవరూ అనుకోవద్దండీ. జబ్బుమనిషిని నేనే" అని, చర్చి అదిరేలా "దేవునికి స్తోత్రం!" అన్నాడు.

సంఘమంతా అందుకుంది. గర్వంతో నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం కూర్చోలేదు. ఆ స్తోత్రాలన్నీ ముగిసేదాకా తలెత్తి అలాగే నిలబడింది.