మింగుడుకూ మాటకూ మధ్య

"కాలేయం ఎడమవైపో కుడివైపో తెలీదు, డాక్టర్ల మాటలు నువ్వు టైపు చేస్తావా?"

అడిగింది బావ. అన్నం తింటూ, అందరి ముందూ అడిగాడు. పదహారేళ్లుగా మందుల షాపు కౌంటరు వెనక నిలబడినవాడు కాబట్టి ఆ ఇంట్లో వైద్యం గురించి ఆఖరి మాట ఆయనదే.

మరదలు కంచంలోంచి తలెత్తలేదు. "పంతొమ్మిదేళ్లు లాయర్ల మాటలు టైపు చేశాను బావా. వీటికి అర్థమైనా ఉంటుంది."

కోర్టు గోడ పక్కన రేకుల నీడలో బల్ల వేసుకుని పిటిషన్లు టైపు చేసేది. ఆ వేగానికి అక్కడివాళ్లు పెట్టిన పేరు టకటక. తర్వాత లాయర్లందరూ సొంతంగా కంప్యూటర్లు కొనుక్కున్నారు, బల్ల మీద దుమ్ము పేరుకుంది. నలభై రెండేళ్లు, సగంలో ఆపేసిన డిగ్రీ, అక్కాబావల ఇంట్లో ఒక గది. ఇలాంటివాళ్ల గురించి రాసేవాళ్లు పట్టుదల, ఆత్మవిశ్వాసం అనే రెండు మాటలు చల్లకుండా ఊరుకోరు. ఈమె దగ్గర ఉన్నది వ్యాకరణం. అది చాలింది.

నేర్చుకోబోయిన పని ట్రాన్స్‌క్రిప్షన్. డాక్టరు రోగిని చూశాక రికార్డు చేసి పంపిన మాటల్ని చెవుల్లో పెట్టుకుని, కాలికింద పెడలుతో ఆపుకుంటూ, రిపోర్టుగా టైపు చేయాలి. చెప్పుల షాపు పైన రెండో అంతస్తులో శిక్షణ. అక్కడి మాస్టారు రెండువేల మాటల జాబితా చేతికిచ్చి బట్టీ పట్టమన్నాడు. ఇరవయ్యేళ్ల వాళ్లంతా కళ్లు మూసుకుని వల్లిస్తుంటే ఈమె నాలుగోరోజున లేచి నిలబడింది.

"నాకు ఎక్కాలే నోటికి రాలేదు సార్. ఇవేం వస్తాయి?"

"మరి ఎలా నేర్చుకుంటారమ్మా?"

"సంధి విడదీస్తాను."

గీతల నోటుబుక్కులో అదే చేసింది. గ్యాస్ట్రో కడుపు, ఎంటరో పేగు, ఐటిస్ వాపు. మూడూ కలిపితే నోరు తిరగని గ్యాస్ట్రోఎంటరైటిస్. ఎక్టమీ అంటే కోసి తీసేయడం, ఆటమీ అంటే కోత పెట్టడం, ఆస్టమీ అంటే బయటికి దారి తెరవడం. తోకలో రెండక్షరాలు అటూ ఇటూ అయితే ఉన్న అవయవం కాగితం మీద ఊడిపోతుంది. నెల తిరిగేసరికి ఇంట్లో అందరి జబ్బులకూ పేర్లు పెట్టింది. బావ మోకాలిక్కూడా.

"ఇన్నేళ్లలో ఈ పేరు చెప్పి మందు అడిగినవాణ్ణి చూళ్లేదు," అన్నాడాయన.

"నీ దగ్గర మాత్ర రంగు చెప్పి అడుగుతారు బావా."

అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

సంధికి లొంగనిది ఒక్కటే మిగిలింది, డిస్ఫేజియా. ఈ పేరుతో ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. ఒకటి మింగలేకపోవడం, ఇంకొకటి మాట రాకపోవడం. రాతలో ఒక్క అక్షరం తేడా. పలకడంలో తేడా ఉన్నది మన భాషలో లేని ఒక మెత్తని శబ్దంలో. మన చెవికి అదీ జకారమే, ఇదీ జకారమే. "జాగ్రత్తగా వినండి" అన్నాడు మాస్టారు. ముప్పైసార్లు వింది. ముప్పైసార్లూ ఒకటే. చెవిని నమ్మడం మానేసి, ఆ మాటకు అటూ ఇటూ ఉన్న వాక్యాలు చదవడం మొదలుపెట్టింది.

ఉద్యోగం మూడు నెలల షరతు మీద దొరికింది. ఈలోగా పెద్ద తప్పు పడితే జీతంలో ఆరువందలు కోత, మూడు పడితే ఇంటికే. పదకొండోవారానికి రెండు పడ్డాయి. మూడోది పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన రిపోర్టులో. ఈమె మింగలేకపోవడం అని టైపు చేసింది. టైపు చేసినవి సరిచూసే ఎడిటరు దాన్ని కొట్టేసి, మాట రాకపోవడంగా దిద్ది, ఎర్రగుర్తు పెట్టాడు. పక్షవాతంలో రెండూ ఉంటాయి మరి.

తిన్నగా ఎడిటరు బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఇది తప్పు కాదు. గుర్తు తీసెయ్."

"డాక్టరు చెప్పింది రాయడమే మన పని ఆంటీ. అర్థాలతో మనకేంటి?"

"ఆంటీ అనడం ఆపి, ఆ రెండు మాటలూ ఒకసారి పైకి చెప్పు."

చెప్పాడు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. పక్క సీటువాళ్లు హెడ్‌ఫోన్లు తీసి విన్నారు. ఒకటే మాట రెండుసార్లు వినిపించింది. ఎవరో కిసుక్కుమన్నారు.

టీమ్ లీడర్ లేచి వచ్చింది. "చిన్న విషయానికి గొడవ దేనికండీ? వచ్చేసారి చూసుకోండి."

"వచ్చేసారి నేనిక్కడ ఉంటే కదా మేడమ్. కింద చదవండి. తాగేవన్నీ చిక్కబరిచి ఇవ్వమన్నారు. మాట రానివాడికి నీళ్లు చిక్కబరచడం దేనికి? పైన చూడండి, తన బాధంతా ఆయనే చెప్పుకున్నాడని ఉంది. ఇప్పుడీ కాగితం చూసి నర్సు మామూలు నీళ్లిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది చిన్న విషయమా?"

లీడర్ రిపోర్టు రెండుసార్లు చదివింది. డాక్టరు ఆఫీసుకు అడుగుతూ మెయిల్ పెట్టింది. గంటన్నరకు జవాబొచ్చింది. మింగలేకపోవడమే.

ఎర్రగుర్తు తీసేశారు. అంతటితో ఊరుకుంటే వేరే మనిషయ్యేది. "పాత రెండూ కూడా వినిపించండి" అని పట్టుబట్టింది. వినిపించారు. ఒకదానిలో తక్కువ అనే హైపో ఉన్నచోట ఎక్కువ అనే హైపర్ కొట్టింది, చెవిటివాడికైనా తెలిసేంత తప్పు. "ఇది నాదే," అని ఒప్పుకుంది. రెండోదానిలో డాక్టరు మాటే దగ్గులో కలిసిపోయింది. దాన్నీ తీయించింది. ఆ శనివారమే ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం ఇచ్చారు. బావ దాన్ని అద్దాలు పెట్టుకుని చదివి, "కాలేయం కుడివైపే కదూ?" అన్నాడు.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లను ముందు ఆమె పక్కన కూర్చోబెడుతున్నారు. ఆ దగ్గు తప్పు కింద అప్పటి జీతంలోంచి పట్టుకున్న ఆరువందలు మాత్రం, ఆ నెల లెక్కలు ముగిసిపోయాయన్న కారణంతో, కంపెనీ ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు.