తాళంచెవి గుర్తు రొట్టె

అల్లాల్ మనుషుల మొహాలు మరిచిపోతాడు గాని రొట్టెలను మరిచిపోడు. మొరాకోలోని ఫెజ్ పాతబస్తీలో, ఆ సందులో ఆడవాళ్ళు ఇంట్లోనే పిండి కలిపి, రొట్టెలు ఒత్తి, చెక్కపలక మీద పేర్చి కాల్చడానికి అతని బట్టీకి పంపుతారు. రొట్టె మీద ఎవరి గుర్తు వారిది. ఒకరిది బొటనవేలి నొక్కు, ఇంకొకరిది కత్తి గాటు. అందరూ మర్యాదగా లల్లా అని పిలిచే బతూల్‌ది తాళంచెవి ముద్ర. ఆమెకు రక్తపోటు కాబట్టి ఉప్పులేని చిన్న రొట్టె ఒకటి విడిగా ఉండేది.

కరోనా వచ్చి అందరినీ ఇళ్ళల్లో కట్టిపడేశాక సందుకంతా అల్లాలే వార్తాపత్రిక. అన్నానికి మెతుకు పట్టి చూసినట్టు, రొట్టె చూసి ఇంటి క్షేమం చెప్పేసేవాడు.

"లల్లా బతూల్ ఎలా ఉంది, బా అల్లాల్? రాత్రంతా దగ్గు వినపడింది," అని ఎదురింటి రఖియ్యా మాస్కులోంచి అడిగేది.

"నిక్షేపంలా ఉంది. పొద్దున్నే రొట్టె వచ్చిందిగా! నువ్వెళ్ళి తలుపు కొట్టక్కర్లేదు. పోలీసుల జరిమానా కట్టడానికి మీ ఆయన దగ్గర మూటలున్నాయా?"

రఖియ్యా నవ్వేది. తలుపు కొట్టే పని తప్పినందుకు ఆమెకూ హాయిగానే ఉండేది, అది వేరే మాట.

ఒక సాయంత్రం కాల్చిన రొట్టెలు పట్టుకెళ్ళడానికి బతూల్ చెల్లెలు షామా రాలేదు. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. అల్లాలే పలక ఎత్తుకుని వెళ్ళాడు. సందులో పిల్లి కూడా లేదు. కిటికీ గూట్లో ఉప్పులేని చిన్న రొట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. చివరిది ఇంకా మెత్తగా ఉంది, దాని పక్కది గట్టిపడింది, ఆపైవి బూజు పట్టాయి. ఒక్కదాన్నీ ఎవరూ తుంచలేదు. అన్నీ తన చేత్తో కాల్చినవే.

తలుపు తోస్తే తెరుచుకుంది. నారింజపూల నీళ్ళ వాసన గుప్పున కొట్టింది, దాని అడుగున మరో వాసన. పరుపు మీద తెల్లదుప్పటి, దుప్పటి కింద కదలని మనిషి. ఆ పక్కనే కూర్చుని షామా రేపటికి పిండి పిసుకుతోంది.

"తిండి మానేసి వారమైంది. మొన్న పోయింది," అంది తల ఎత్తకుండానే.

"ఎవరికీ చెప్పలేదేం తల్లీ!"

"చెబితే తెల్లబట్టలవాళ్ళొచ్చి సంచిలో చుట్టి పట్టుకుపోతారు. ఒక్కరు స్నానం చేయించరు, ఒక్కరు భుజం పట్టరు. శుక్రవారం కట్టడి ఎత్తేస్తారట. అప్పుడు సందంతా వస్తుంది. అందాకా నువ్వు రోజూ అన్నట్టే బాగుందను, చాలు."

"జబ్బులో ఉన్నప్పుడైనా చెప్పాల్సింది కదా?"

"ఆస్పత్రికి ఈడ్చుకుపోతారని అక్క చెప్పనివ్వలేదు. కానీ ఎవరైనా తలుపు కొడతారేమోనని చెవులు రిక్కించుకుని ఉండేది."

అల్లాల్ ఎలా బట్టీకి చేరాడో అతనికే తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే బతూల్‌కు స్నానమైనా దక్కదు. చెప్పకపోతే, ఆ గదిలో గాలి పీల్చి వచ్చినవాడు సందులో పిల్లలందరూ తినే రొట్టెలు ముట్టుకోవాలి. అతనికి ఏడుపొచ్చింది. తెల్లారినా బట్టీ వెలిగించలేదు.

"పొగ రాలేదేం, బా అల్లాల్? పిండి పొంగి పలక దాటిపోతోంది!" అంటూ రఖియ్యా వచ్చింది.

"అక్కడే ఆగు. బతూల్ పోయింది. నేను లోపలికెళ్ళొచ్చాను."

"నిన్న బాగుందన్నావుగా!"

"నేను చూసింది రొట్టెనే."

రఖియ్యా పలకతో సహా వెనక్కి నడిచింది. ఆ ఇంటివైపు ఎవరూ కదలలేదు.

కబురు ఎలాగో అందింది, మధ్యాహ్నానికి తెల్లబట్టలవాళ్ళు వచ్చారు. సందంతా కిటికీల వెనక నుంచి చూసింది. సంచిని మోసుకుంటూ వాళ్ళు బట్టీ దాటాక, వెనకే వస్తున్న షామా అతని గుమ్మం ముందు ఆగింది.

"అక్క బతికుండి దగ్గుతుంటే అడిగినవాళ్ళందరికీ బాగుందన్నావు," అంది నెమ్మదిగా. "నేనడిగింది శుక్రవారం దాకానే కదా, బా అల్లాల్."