లెగమ్మా, ఎండొచ్చీసింది

మా పక్కింటి పిన్నిగారు పోయారు. కార్తీకమాసం సగంలో, తెల్లవారకముందే, నిద్రలోనే. తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పింది నేనే. ఎవరికి చెప్పినా "నిద్రలోనా? పుణ్యాత్మురాలు" అన్నారు. పుణ్యం సంగతి నాకు తెలియదు. నాకు మాత్రం ఆవిడ మీద కోపంగా ఉంది. చలికాలం మొదట్లోనే వెళ్ళిపోవాలా? మాఘమాసం దాకా ఆగితే ఆవిడ సొమ్మేం పోయేది?

ఈ కోపం మీకు అర్థం కావాలంటే నా సంగతి కొంత చెప్పాలి. దీపావళి వెళ్ళిందంటే నాకేదో అవుతుంది. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడటం మొదలవగానే ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టుంటుంది. మధ్యలో వాయుగుండమొకటి పట్టి ముసురు మొదలైతే ఇక చెప్పక్కర్లేదు. ఏడుపు కూడా రాదు. దువ్వెన అందుకోవాలన్నా బరువే. మా ఆయనకి ఇక్కడ పోర్టులో ఉద్యోగం రావడంతో పెళ్ళైన కొత్తలోనే గోదావరి వైపు నుంచి వచ్చేశాం. ఆయన మంచివాడే. కానీ తెల్లారకుండా డ్యూటీకి వెళ్ళిపోతాడు. ఆయన అటు వెళ్ళగానే నేనిటు తలుపేసుకుని మళ్ళీ దుప్పటి కప్పుకునేదాన్ని. మధ్యాహ్నమయ్యేది, ఒక్కోరోజు ఆయన తిరిగొచ్చేవేళా అయ్యేది. అమ్మకి చెప్పుకుంటే "అన్నీ ఉండి నీకేం రోగమే?" అంది. అన్నీ ఉన్న మాట నిజమే, అందుకే ఇంకెవరికీ చెప్పుకోలేదు.

కనిపెట్టింది పిన్నిగారు. జ్ఞానాపురంలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆవిడ భర్త పోర్టులో కళాసీగా చేసి, చాలాకాలం కిందటే పోయారు. ఉన్నది ఒక్క కొడుకు, పెళ్ళి చేసుకోలేదు. ఆటోనగర్‌లో రాత్రి డ్యూటీ చేసి పొద్దెక్కాక ఇంటికొస్తాడు. ఒక చలికాలం పొద్దున్న మా తలుపు దబదబా మోగింది. తియ్యకపోతే పోతారులే అనుకున్నాను. పోవడమా! గుమ్మంలో చతికిలబడి సందంతా వినబడేలా అందుకున్నారు.

"ఓలమ్మా, ఇంకా తొంగున్నావేటి? లెగు, ఎండొచ్చీసింది. లెగకపోతే నాను ఇక్కడే కూకుంటాను. మొగుడేమో డూటీకెల్లిపోనాడు, ఈ అమ్మికేటయిందోనని ఊరంతా వచ్చి సూత్తారు. నాకేటి సిగ్గు?"

సిగ్గుతో చచ్చిపోయి తలుపు తీశాను. జుట్టంతా రేగిపోయి, నిన్నటి చీరలో ఉన్నాను. ఆవిడ ఎగాదిగా చూసి ఏమీ అడగలేదు. ఎందుకిలా ఉన్నావని గానీ, ఏం కష్టమొచ్చిందని గానీ ఒక్క ముక్క లేదు. తడిగుడ్డ ఒకటి నా చేతిలో పెట్టి "గ్రిల్లు తుడువు" అన్నారు.

మా వైపు చలికాలం పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము ఎక్కువ. పొద్దున్న లేచేసరికి కిటికీలు, గ్రిల్లు, మెట్లు అన్నీ నల్లగా ఉంటాయి. తుడిచినచోటే మర్నాడు మళ్ళీ తుడవాలి. "రేపు మళ్ళీ పడేదానికి ఇవాళ తుడవడం ఎందుకండీ పిన్నిగారూ?" అన్నాను నీరసంగా. "రేపు మల్లీ ఆకలేత్తాదని ఇయ్యాల అన్నం మానేత్తామేటి? మాటలొగ్గేసి తుడువు" అన్నారు.

ఎదురుగా అపార్టుమెంటు లేచాక మా సందులోకి ఎండ కాసేపే వస్తుంది. ముందు ఆవిడ మెట్ల మీదకి, ఆ తరవాత మా అరుగు మీదకి. తుడవడం అయ్యాక నన్ను తన మెట్టు మీద కూర్చోబెట్టి, ఒళ్ళో ఇన్ని కందికాయలు పోసి ఒలవమనేవారు. ఎండ జరిగితే "జరుగు, జరుగు, ఎండ ఆ పక్కకెల్లిపోతంది" అంటూ మోచేత్తో పొడిచేవారు. గ్లాసుడు టీలో బెల్లం ఎక్కువ వేసి ఇచ్చేవారు. తాగలేకపోయేదాన్ని, తాగేదాకా వదిలేవారు కాదు. సందులో వెళ్ళే వాళ్ళందరినీ పలకరించి, వాళ్ళు మలుపు తిరగ్గానే వాళ్ళ నడక నాకు చేసి చూపించేవారు. ఒకరోజు నవ్వాను. అప్పుడు ఆవిడని చూడాలి మీరు! ఎక్కడ బెదిరి నవ్వు ఆపేస్తానో అన్నట్టు, తల వంచుకుని కందికాయలే చూస్తూ కూర్చున్నారు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆవిడే. ఆయన మాత్రలు రాసి, ఇలాంటిది చాలామందికి ఉంటుందని, పొద్దుటి ఎండలో కూర్చోవడం మంచిదని చెప్పారు. బయటికి రాగానే పిన్నిగారు బోర విరుచుకుని "సూసావా, నాను సెప్పిందే సెప్పినాడు. నాకూ ఫీజు ఇప్పించీరాదా?" అన్నారు. కానీ మాత్ర వేసుకున్నావా అని అడగని రోజు లేదు.

నేను బాగుపడిపోయానని కాదు. ఏటా చలికాలం వచ్చేది, ఏటా నేను మునిగేదాన్ని, ఏటా ఆ తలుపు మోగేది. "బాగున్నాక లెగుద్దామనుకుంటే ఎప్పుడు లెగుత్తావు? లెగిసి సూడు, బాగుంటాదేమో" అనేవారు. బాగుంటుందని ఎప్పుడూ ఒట్టేయలేదు. అందుకే ఆవిడ మాట నమ్మేదాన్ని.

పోయినేడు పుష్యమాసంలో ఒకరోజు మాత్రం నాకు కడుపు మండింది. "మీకేం పిన్నిగారూ, హాయిగా లేచి వచ్చేస్తారు. నా బాధ మీకేం తెలుస్తుంది?" అనేశాను. ఆవిడ టీ గ్లాసు మెట్టు మీద పెట్టారు.

"నాకు మాత్రం లెగాలని ఉంటాదేటి? మీ బాబాయ్ పోనాడు కదా, అప్పట్నుంచీ ఈ నెల్లు నాకూ ఇలాగే. గుండెల మీద రోకలెట్టినట్టుంటాది. గోడవతల ఈ పిల్ల లెగిసిందో నేదో అనుకుని లెగుత్తన్నాను. నీకోసం కాబట్టి లెగుత్తన్నాను. నాకోసమైతే లెగను."

గ్లాసు తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడే మళ్ళీ అన్నారు. "ఒకరోజు నాను రానేదనుకో, నువ్వొచ్చి తలుపు బాదు. గట్టిగా తిట్టు. మెల్లగా పిలిత్తే లెగను."

అలాగేనన్నాను. ఆ అవసరం ఆ ఏడు రాలేదు.

ఈ కార్తీకంలో ఆ రోజు మెలకువ వచ్చేసరికి కిటికీలో బాగా వెలుగుంది. తలుపు మోగలేదు. కాసేపు చూశాను. అప్పుడు తట్టింది, ఇవాళ పిన్నిగారు లేవలేకపోయారు, ఇవాళ నా వంతు అని. మీకు చెబితే నమ్మరు, దుప్పటి విసిరి కొట్టి లేచాను. అన్నేళ్ళలో చలికాలం నా అంతట నేను లేచింది ఆ ఒక్క రోజే. మొహం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళాను. ఎంత సంతోషంగా వెళ్ళానో! తలుపు దబదబా బాదాను. ఆవిడ యాసలోనే, ఆవిడ గొంతుతోనే అందుకున్నాను.

"ఓలమ్మా, ఇంకా తొంగున్నారేటి? ఎండొచ్చీసింది! లెగకపోతే నాను ఇక్కడే కూకుంటాను, ఊరంతా వచ్చి సూత్తారు!"

సందులో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. పలకకపోతే మరీ గట్టిగా తిట్టాను. మెల్లగా పిలిస్తే లేవనని చెప్పారు కదా. గ్రిల్లు తుడవడం కూడా మొదలుపెట్టాను, చప్పుడుకైనా లేస్తారని. ఇంతలో ఆవిడ కొడుకు డ్యూటీ దిగి వచ్చాడు. "మీ అమ్మగారు ఇవాళ బద్ధకించారు తమ్ముడూ. నేనే ముందు లేచానని చెప్పు, కుళ్ళుకుంటారు" అన్నాను. అతను నవ్వుతూ తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి లోపలికెళ్ళాడు. నేను బయట తుడుస్తూనే ఉన్నాను. లోపల్నుంచి "అమ్మా" అన్నాడు, మామూలుగానే. రెండోసారి అన్నప్పుడు నా చేతిలో గుడ్డ జారిపోయింది.

నేను తిట్టినవన్నీ పోయిన మనిషిని తిట్టాను. సందంతా నవ్వింది పోయిన మనిషి గుమ్మంలో. ఆ మాటే కొడుకుతో అన్నాను. "నువ్వు లెగిసి వచ్చినావని మా అమ్మ సంబరపడుంటాది అక్కా" అన్నాడు కొడుకు. ఏమో. ఆవిడ చూడలేదు. చూసి ఉంటే ఎంత బాగుండేదో.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు ఎలా లేచానో నాకే తెలియదు, లేచి బయటికొచ్చాను. పిన్నిగారి కొడుకు ఇంట్లో పడుకోలేక వరండాలో చాప వేసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదు. అలా పడుకోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పిన్నిగారైతే ఏమనేవారో కూడా తెలుసు. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ఇంటి ముందు మళ్ళీ ఆ మాట ఎలా అనను?

పిలవకుండా వెళ్ళి, చాప పక్కన కూర్చున్నాను.

"అక్కా, లెగాలని నేదు" అన్నాడు, గోడతో చెబుతున్నట్టు.

నాకూ లేదని చెప్పాను. అపార్టుమెంటు పక్కనుంచి ఎండ వచ్చి చాప అంచు దాటి, అతని మడమల మీదికి ఎక్కింది. అతను కాళ్ళు ముడుచుకోలేదు.