మోకు కట్టిన ఒడ్డు

"ఇగ ఆ జాలరి అక్క లేదమ్మా" అని నాకు మొదట చెప్పింది కోదాడ మీదుగా సూర్యాపేటకు ఉప్పు తోలే బండాయన.

ప్రతి మాఘంలో సముద్రస్నానానికి పోతే, అలలకు జడిసే నన్ను చెయ్యి పట్టుకుని మునకలు వేయించేది ఆమే. "నీ అరుపులకు సముద్రమే పారిపోద్ది తల్లీ!" అని నవ్వేది.

మా దిక్కు గొడవలతో దారులు బందై రెండేండ్లు పోలేకపోయిన. ఆలోపు ఆ ఒడ్డున బంగళాలు లేచినయి. జాలరోళ్ల గుడిసెలు పీకేసిన్రు. స్నానాలకు వచ్చేవాళ్లు పట్టుకోవడానికి మోకు కట్టిన్రు. మునకలు వేయించే పని పోయిన అక్క ఎక్కడికో వలసపోయి, జ్వరంతో కన్నుమూసిందట.

ఈ మాఘంలో మోకు పట్టుకునే మునిగిన. అరచేతిలో పీచు గుచ్చుకుంటే ఏడుపు ఆగలేదు. ఇన్నేండ్లు ఆ చేతిని నాకిచ్చిన దేవునికి దండం పెట్టుకున్న. మీరు ఎప్పుడన్నా సముద్రంలో మునిగితే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.