నీలం తలగుడ్డవాడు

నేను చేసే పని ఏమిటో మా వీధిలో ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. "బొమ్మల పుస్తకాల్లో మాటలు రాస్తాది" అని అమ్మ చెబుతుంది. విన్నవాళ్ళు "దానికి జీతం గూడా ఇస్తారా?" అని నోరెళ్ళబెడతారు. ఇస్తారు. వేరే భాషలో అచ్చయిన కామిక్ పుస్తకాలను తెలుగులోకి మార్చి, మనుషుల తలల పక్కన గీసిన బుడగల్లో మాటలు ఇరికించడం నా పని. ఆ బుడగలేమో వాళ్ళ పొట్టి మాటలకు గీసినవి. మన మాటలకు పైన గుడులు, కింద వత్తులు. ఒక వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. మైపాడులో మా ముందుగదిలో ఫ్యాను కింద కంప్యూటరు ముందు కూర్చుని రోజూ నాకు ఇదే కుస్తీ.

పోయిన ఎండాకాలంలో ఎడిటర్ గారు హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. ఒక పాత వీడియో గేమును కామిక్ పుస్తకాలుగా తెచ్చారనీ, తెలుగు పని నన్నే చేయమనీ అన్నారు. గేము పేరు విన్నాక ఆయన ఇంకేం చెప్పారో నా చెవికెక్కలేదు. ఆయన "అమ్మా, లైన్లో ఉన్నారా?" అని రెండుసార్లు అడిగారు.

ఆ గేము మా ఇంట్లో ఉండేది. నాన్న బతికున్న రోజుల్లో నెల్లూరు నుంచి టీవీ గేమ్ తెచ్చాడు. దానికి పసుపురంగు క్యాసెట్, రెండు రిమోట్లు. ఇద్దరు అన్నదమ్ములు ఒక దీవిలో దిగి, విరిగిపోయే వంతెనలు దాటుకుంటూ, రాక్షసులను కాల్చుకుంటూ పోవాలి. ఎర్ర తలగుడ్డవాడు నేను. నీలం తలగుడ్డవాడు మా తమ్ముడు. పెద్దదాన్ని కనుక మంచి రిమోట్ నాది. ఎడమ బాణం సరిగా నొక్కుకోని రిమోట్ వాడిది. మా ఇంట్లో న్యాయమంటే అంతే.

ఆ ఆటలో ఒక తిరకాసు ఉంది. ఇద్దరు ఆడేటప్పుడు ఒకడు వెనకబడితే తెర కదలదు. ఎర్రవాడు కుడి అంచుకు వెళ్ళి ఎంత పరిగెత్తినా ఉన్నచోటే కాళ్ళాడిస్తూ ఉంటాడు. నీలంవాడు వచ్చి కలిస్తేనే ముందు దారి కనిపిస్తుంది. మా తమ్ముడికి ఇది భలే దొరికింది. నాతో తగాదా వస్తే చాలు, రిమోట్ చాప మీద పెట్టి చేతులు కట్టుకునేవాడు.

"రారా!" అని నేను అరిచేదాన్ని.

"నువ్వు పోక్కా, నిన్నెవరు ఆపినారు?" అనేవాడు.

అమ్మ మా వెనక గోడకు చేరగిలబడి వల బాగుచేసుకుంటూ ఉండేది. చివరికి ఆమె కల్పించుకోవాల్సి వచ్చేది. "పో అబయా. అక్క నీ కోసమే నిలబడుండాది" అనేది వాడితో, తల ఎత్తకుండానే. అప్పుడు కదిలేవాడు. నేను చెబితే మాత్రం ఒక్కసారీ కదల్లేదు.

పెద్దయ్యాక వాడు చేపల వేటకు పోయే మనిషయ్యాడు. కొన్నేళ్ళ కిందట కార్తీకంలో గాలి తిరగబడి వాళ్ళ ఫైబర్ బోటు బోల్తాపడింది. బోటులో ఉన్నవాళ్ళంతా ఏదో ఒకటి పట్టుకుని ఒడ్డుకు చేరారు. మా తమ్ముడు రాలేదు. వాడి దేహం కూడా రాలేదు.

సముద్రం మనిషిని తిరిగి ఇవ్వకపోతే మావాళ్ళు దర్భలతో మనిషి ఆకారం కట్టి, దానికి పోయినవాడి చొక్కా తొడిగి, ఒడ్డున నిప్పు పెట్టి కర్మ చేస్తారు. అది జరిగేదాకా వాడు ఇటూ అటూ కాకుండా నీళ్ళ మీదే తిరుగుతాడని పెద్దల నమ్మకం. మా మేనమామ ఎన్నిసార్లు వచ్చి చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు.

"గడ్డిబొమ్మకు చొక్కా తొడిగి, ఇది నా బిడ్డ అనమంటావా? బుద్ధుందా నీకు?"

"వాడు తిరగతా ఉండాడక్కా. ఎన్నాళ్ళు తిప్పుతావు వాణ్ణి?"

"తిరిగితే తిరగనీ. ఇంటికే గదా వచ్చేది."

మామ తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించేది. ఎందుకంటే మా ఇంట్లో అప్పటికే వాడు వచ్చిపోతున్నట్టే ఉండేది. సముద్రం గాలి ఎక్కువగా ఉన్న మధ్యాహ్నాల్లో వాకిట్లో తడికాళ్ళతో ఎవరో నడిచిన చప్పుడయ్యేది. వెళ్ళి చూస్తే నేల పొడిగా ఉండేది. వాడి నీలం గళ్ళ చొక్కాను, తొడుక్కునేవాళ్ళు లేకపోయినా, అమ్మ ఉతికి దండెం మీద ఆరేసేది. దాని చేతుల్లోంచి నీళ్ళు కారుతుంటే నేను అటు చూడలేకపోయేదాన్ని. పైకి అనకపోయినా నేను మామ పక్షమే. అమ్మ ఒక్కమాట ఒప్పుకుంటే వాడికీ మాకూ విడుదల అనుకునేదాన్ని. అందరినీ ఆమే ఆపేసిందని లోపల కోపంగా కూడా ఉండేది.

ఇలాంటి ఇంట్లోకి ఆ కామిక్ వచ్చింది. మొదటి సంచిక తెరవగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆటలో ఆ ఇద్దరూ నోరు విప్పరు. వాళ్ళకు ముఖాలే సరిగా ఉండవు, రంగు గళ్ళు పేర్చి చేసిన మనుషులు. అలాంటివాళ్ళకు పుస్తకంలో కండలు పెంచి, గడ్డాలు పెట్టి, పేజీకొక ఉపన్యాసం ఇప్పించారు. రాక్షసుడికి చిన్నప్పుడు జరిగిన అన్యాయం కూడా ఉంది. మేం వాణ్ణి కాల్చాం, అంతే. వాడి చిన్నతనం గురించి ఎవరడిగారు?

అమ్మ చేపలు అమ్ముకుని వచ్చి, అన్నం తిని, ఎప్పటిలాగే నా వెనక వల ముందేసుకుని కూర్చునేది. ఆమెకు చదువు రాదు. నీలం తలగుడ్డను చూడగానే పోల్చుకుంది.

"మనోడు గదా?"

"అవునమ్మా."

"ఇంత లావు లేడే!"

"పుస్తకంలో బాగా మేపినారులే."

అమ్మ నవ్వింది. ఆమె పళ్ళు కనబడేలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ రోజు నుంచి "మనోడు ఎందాక వచ్చినాడు?" అని అడగడం, నేను పేజీలు తిప్పుతూ కథ చెప్పడం మాకు అలవాటైంది. వాడు గెలిస్తే సంతోషించేది. దెబ్బ తగిలితే "అయ్యో" అనేది. గడ్డిబొమ్మను బిడ్డ అనలేనన్న మనిషి ఈ బొమ్మను ఇంత సులువుగా మనోడు అంటుంటే నాకు భయం వేసింది. వాడు నిజంగానే ఇంటికి వచ్చాడా, ఈ దారిన వచ్చాడా అని కూడా అనిపించేది.

ఆఖరి సంచిక పేజీలు వచ్చిన రోజు నేనే ఎడిటర్ గారికి ఫోన్ చేశాను.

"చిన్నవాణ్ణి చంపేశారేంటండీ? ఆటలో ఇద్దరూ చివరిదాకా ఉంటారు కదా?"

"ఆటలో చచ్చినా మళ్ళీ లేస్తారమ్మా. పుస్తకంలో అలా కుదరదు. ఎవరో ఒకరు పోకపోతే చదివేవాళ్ళకు పట్టదు" అన్నారాయన.

ఎవరో ఒకరు. మా సంగతి ఆయనకు తెలియదు, ఆయన తప్పేమీ లేదు. అయినా ఫోన్ పెట్టేశాక కోపంతో ఏడుపొచ్చింది.

వంతెన విరుగుతుంది. నీలంవాడు సముద్రంలో పడిపోతాడు. ఆ తర్వాతి పేజీ మొత్తం ఒకటే బొమ్మ, ఉత్త నీళ్ళు. అందులో ఒక్క బుడగ కూడా లేదు కనుక నాకు అక్కడ చేయాల్సిన పనే లేదు. అయినా దాన్ని దాటలేక దాని ముందే కూర్చున్నాను. చేపల గంప వాకిట్లో దించిన చప్పుడు విననేలేదు. తిరిగి చూసేసరికి అమ్మ నా వెనక నిలబడి ఉంది.

"పడిపోయినాడా?"

నేను తలూపాను.

"దొరికినాడా?"

"లేదమ్మా."

"తర్వాత బొమ్మ చూపించు."

చూపించాను. ఎర్రవాడు విరిగిన వంతెన దగ్గర నిలబడి ఉన్నాడు. దాని పక్క బొమ్మలో దీవి దారిన ఒంటరిగా నడిచిపోతున్నాడు. అమ్మ తెర దగ్గరికి వంగింది.

"వీడెట్టా పోయినాడు? చిన్నోడు రాకుండా కదిలేది కాదు గదా?"

మేం ఆడుకున్న రోజుల్లో ఆమె వల మాత్రమే చూసేదనుకున్నాను.

"అది ఆటమ్మా. ఇది పుస్తకం. పేజీ తిప్పితే కదులుతుంది."

"ఎవరు తిప్పాల?"

"చూసేవాళ్ళు."

"వెనక్కి తిప్పు" అంది అమ్మ. తిప్పాను. నీళ్ళ బొమ్మ మీద అరచెయ్యి ఆనించింది. తెర మీద చేపపొలుసు ఒకటి అంటుకుంది. "ఇంక ముందుకు తిప్పు" అని, నేను తిప్పేదాకా ఆగి, బయటికి వెళ్ళి దండెం మీది నీలం గళ్ళ చొక్కా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మామకు ఫోన్ చెయ్."

"గడ్డిబొమ్మ అన్నావు గదమ్మా?"

"పుస్తకంలో మనోడు మాత్రం బొమ్మ కాదా? ఏడుపు రాలా మనకు?"

ఒక ఉదయం ఒడ్డున, ఇసుకలో దర్భల మనిషిని పడుకోబెట్టారు. చొక్కా అమ్మే తొడిగింది. వాడు పై గుండీ పెట్టుకునేవాడు కాదు. ఆమె కూడా దాన్ని వదిలేసి మిగతావి పెట్టింది. ఆడపిల్ల నిప్పు పెట్టడమేమిటని మామ కాస్త గొణిగాడు. "వాడితో ఆడింది అదే, అదే పెట్టాల" అని అమ్మ తెగేసి చెప్పింది. పెట్టాను. సముద్రం గాలికి గడ్డి ఇట్టే అంటుకుంది. చొక్కా మాత్రం నిదానంగా కాలింది.

"ఇంక వెనక్కి చూడకుండా నడవండి" అన్నాడు మామ. అది మావాళ్ళ కట్టడి.

అందరూ నడిచారు. అమ్మ ముందు వెళ్తోంది. సరుగుడు తోపు మొదలయ్యే చోటికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ అమ్మే అందరినీ ఆపిందనుకున్నాను. నిజానికి తెర కుడి అంచున నిలబడి ఉన్నచోటే కాళ్ళాడిస్తున్నది నేను. వెనక్కి చూడలేదు. చూడకపోయినా తెలుస్తూనే ఉంది, వెనక ఇసుకలో వాడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నువ్వు పోక్కా, నిన్నెవరు ఆపినారు అంటున్నాడు. నాకు పోవాలని లేదు. రారా అని అరవాలనుంది.

ముందు అమ్మ కూడా ఆగింది. ఆమె కూడా వెనక్కి తిరగలేదు. వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండా అన్నట్టే, గొంతు కాస్త పెంచి అంది.

"పో అబయా. అక్క నీ కోసమే నిలబడుండాది."

అలల చప్పుడు వింటూ కాసేపు అలాగే ఉన్నాం. తర్వాత నా కాళ్ళు కదిలాయి.