డెల్ఫియా ఎడమచేతి కుట్టు

మా సోర్‌వుడ్ లోయలో ఆడవాళ్ళను కుట్టును బట్టి కొలిచేవాళ్ళు. వంట మాడినా, పిల్లలు ఊరిమీద పడ్డా, మొగుడు కొండ చాటున దొంగసారా కాచినా సర్దుకుపోయేవాళ్ళు గానీ, బొంత మీద పెద్ద కుట్టు వేసిన మనిషిని మాత్రం క్షమించేవాళ్ళు కారు. అలాంటి కుట్టుకు ఇక్కడ ‘గోరుపట్టు’ అని పేరు. నిద్రలో కాలు చాపితే బొటనవేలి గోరు ఆ దారంలో ఇరుక్కుంటుందట. డెల్ఫియా కోంబ్స్ వేసే కుట్టంతా గోరుపట్టే.

రంగుల దగ్గర మాత్రం ఆమెకు సాటి వచ్చేవాళ్ళు లేరు. పిండిసంచి గుడ్డలు, చినిగిన చొక్కాలు, పిల్లల పాత గౌన్లు ఆమె ముందు కుప్పపోస్తే సాయంత్రానికి అందులోంచి ఒక తోట లేచేది. చిక్కంతా ఆ తర్వాతే. కూర్చిన పైగుడ్డ కింద దూది పరిచి, దాని కింద అడుగుగుడ్డ పెట్టి, మూడింటినీ చట్రానికి బిగించి సన్నగా కుట్టాలి. అక్కడికొచ్చేసరికి డెల్ఫియా చెయ్యి మొరాయించేది. ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టినా దారం తాగినవాడి నడకలా పోయేది.

బొంత చట్రానికెక్కిందంటే చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. అది వాళ్ళ హక్కు. ఎవరి కుట్టు బాగాలేకపోయినా మొహం మీద చెప్పరు. మెచ్చుకుంటారు, కడుపునిండా పెడతారు, గడప దాటేదాకా సాగనంపుతారు. ఆ మనిషి మలుపు తిరగ్గానే ఆమె కుట్లన్నీ విప్పేసి మళ్ళీ కుడతారు. మా దగ్గర దీన్ని మర్యాద అంటారు. నన్నడిగితే ఇంతకంటే చెంపమీద కొట్టడం నయం.

డెల్ఫియాకు ఆ మర్యాద సంగతి చాలా ఏళ్ళు తెలియలేదు. ఒకసారి అన్న కూతురి పెళ్ళిబొంత కుట్టి ఇంటికి బయల్దేరిన మనిషి, తను తెచ్చిన కేకు పళ్ళెం మరిచిపోయానని వెనక్కి వచ్చింది. వదిన లొవాడా చట్రం మీదికి వంగి చిన్న కత్తెరతో టకటకా దారాలు తెంపుతోంది. తెంపుతున్నవి పొద్దుటినుంచీ డెల్ఫియా కళ్ళు పోయేలా వేసిన కుట్లే.

“దారం పిగిలిపోతుంటేనూ…” అంది లొవాడా తడబడి.

డెల్ఫియా పళ్ళెం తీసుకుని వచ్చేసింది. ఆ రోజు నుంచి ఎవరింట బొంత చట్రానికెక్కినా తిన్నగా వంటింట్లోకి దారి తీసేది. బీన్సు ఉడికించేది, మొక్కజొన్న రొట్టె కాల్చేది. ‘పాపం, డెల్ఫియాకి వంటంటే ప్రాణం’ అనేవాళ్ళు. ఆమెకు వంటంటే ప్రాణం కాదు. అవమానమంటే భయం.

ఆమె చెల్లెలు ఐవా. తల్లి పోయేనాటికి ఆ పిల్లకు మాటలు కూడా సరిగా రాలేదు. డెల్ఫియాయే చంకనేసుకుని పెంచింది. మా లోయలో పిల్ల పెళ్ళికి తల్లి బొంత కుట్టిపెట్టడం ఆనవాయితీ. తల్లి లేదు కాబట్టి ఆ బాకీ తనదేనని డెల్ఫియా ఎప్పుడో అనుకుంది. కానీ ఐవా తపాలా ఆఫీసులో ఉద్యోగంలో చేరి, నలభై దాటినా పెళ్ళి ఊసెత్తలేదు. అందరూ ఆశ వదిలేశాక, ఒక శరదృతువులో, క్లెల్ అనే విధురుణ్ణి చేసుకుంటున్నానని, పెళ్ళి జూన్‌లోనని చల్లగా చెప్పింది.

డెల్ఫియా ఆ రాత్రే గుడ్డల పెట్టె తెరిచింది. మామూలు బొంత కాదు, గడికో నమూనా బొంత కుట్టాలనుకుంది. ఒక గడిలో ఎలుగుబంటి పాదం, ఒక గడిలో దుంగల గుడిసె, ఒకదాంట్లో ఎగిరే బాతులు, ఇంకోదాంట్లో వెన్న చిలికే కవ్వం, మరోదాంట్లో మెలికలు తిరిగే తాగుబోతు దారి. ఏ రెండు గళ్ళూ ఒకలా ఉండకూడదు. తనకు తెలిసిందంతా చెల్లెలి మంచం మీద పరచాలి.

లొవాడా చూడటానికొచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆమె.

“బాగుందే. కానీ ఈ తాగుబోతు దారి గడి పెట్టావేంటి? పెళ్ళిబొంతలో అది పెడితే మొగుడు సారాకొట్టు పట్టి తిరుగుతాడంటారు.”

“క్లెల్ మజ్జిగ తప్ప ఏమీ ముట్టడు వదినా. మజ్జిగ తాగి ఎటు తిరుగుతాడో తిరగనీ.”

“సరేలే. నువ్వు పైగుడ్డ కూర్చు, కుట్టు సంగతి మాకొదిలెయ్. నీకెందుకు శ్రమ?”

‘శ్రమ’ అన్న మాట పుండు మీద కారంలా తగిలింది. ఐవా మంచం మీద పడుకునే బొంతలో తన కుట్టు ఒక్కటైనా మిగలకపోతే, ఇన్నేళ్ళు పెంచినదానికి గుర్తేముంది? కానీ ఆడవాళ్ళను రావద్దనే హక్కు ఆమెకు లేదు. వాళ్ళు వస్తారు, విప్పుతారు, నవ్వుతూ కేకు తింటారు. విప్పబుద్ధి కాని కుట్టు వేయడం ఒక్కటే దారి. ఆ కుట్టు ఎక్కడినుంచి వస్తుందో ఆమెకే తెలియదు.

జనవరిలో బొగ్గు బాల్చీతో మెట్లు దిగుతూ మంచు మీద జారింది. కుడి మణికట్టు విరిగింది. డాక్టరు పిండికట్టు వేశాడు. భర్త హోబర్ట్ ఆమెను పొయ్యి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, “ఇక బొంత మీ వదినగారికి అప్పజెప్పెయ్, దేవుడే చెప్పాడనుకో,” అన్నాడు.

“దేవుడు చెబితే వింటాను. మంచు చెబితే విననవసరం లేదు,” అంది డెల్ఫియా. అనేసి, కోపం మీద ఒక పాతగుడ్డ ఒళ్ళోకి లాక్కుని, సూది ఎడమచేత్తో అందుకుంది.

చిన్నప్పుడు ఆమె అన్నీ ఎడమచేత్తోనే చేసేది. నాయనమ్మ ఊరుకోలేదు. ‘ఎడమచేతి కుట్టు కింద పడుకున్నవాళ్ళకు కంటిమీద కునుకుండదు’ అని ఆ ముసలమ్మ నమ్మకం. సూది పట్టినప్పుడల్లా ఆ పిల్ల ఎడమచేతిని కుర్చీ కమ్మికి గుడ్డపేలికతో కట్టేసేది. కొన్నాళ్ళకు కట్టాల్సిన అవసరం లేకపోయింది. చెయ్యి తనంతట తనే వెనక్కి దాక్కోవడం నేర్చుకుంది. పిల్లకు కుట్టు రాదని ఇల్లంతా తేల్చేసింది. నాయనమ్మ మొదలుకుని ఎవరికీ, ఆఖరికి డెల్ఫియాకు కూడా, తప్పు ఆ పేలికదని తట్టలేదు.

పిండికట్టులోంచి కుడిచేతి వేళ్ళ కొనలు బయటికే ఉన్నాయి. గుడ్డ కింద సూదిమొనకు అడ్డం పెట్టడానికి అవి చాలు. ఎడమచెయ్యి మొదట రెండుమూడు కుట్లు తడుముకుంది. తర్వాత దానికి ఊపు దొరికింది. సూది ఊగుతూ నాలుగేసి మడతలు ఒక్కసారి ఎత్తుకుని దూసుకుపోయింది. డెల్ఫియా ఆగి చూసుకుంది. కుట్లు ఆవగింజల వరసలా ఉన్నాయి.

హోబర్ట్ ఆ గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. “ఇదెవరు కుట్టారే?”

“నేనే.”

“ఊరుకో.”

“నేనే అంటుంటే!” అని అరిచింది డెల్ఫియా. అరిచాక ఏడ్చింది. తర్వాత అతనికి భోజనం పెట్టడం కూడా మరిచి చీకటిపడేదాకా కుట్టింది.

పిండికట్టు విప్పాక కూడా ఆమె సూదిని కుడిచేతికి ఇవ్వలేదు. మే నెలలో బొంత చట్రానికెక్కింది. చట్రాన్ని ముందుగది దూలాలకు తాళ్ళతో వేలాడదీశారు. ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దది ఆర్మిల్డా, పళ్ళన్నీ ఊడినా నాలుక ఊడని ముసలమ్మ. డెల్ఫియా పొద్దున్నే బీన్సు పొయ్యిమీద పెట్టేసి వచ్చి తానూ ఒక కుర్చీ లాక్కుంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎడమచేత్తో సూది పట్టేసరికి నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు.

“కుడిచేత్తో కుడితే గోరు ఇరుక్కునేది. ఇప్పుడు మోకాలుదాకా ఇరుక్కుంటుందేమోనే!” అంది లొవాడా.

“ఐవా, బూట్లేసుకుని పడుకో తల్లీ,” అంది ఇంకొకావిడ.

డెల్ఫియా కూడా నవ్వింది. నవ్వుతూనే కుట్టింది. ఐవా మాత్రం వాళ్ళతో కలిసి నవ్వకుండా అక్క చేతినే చూస్తూ కూర్చుంది.

బొంతంతా విసనకర్ర వంపులు కుడుతున్నారు, వంపులో వంపు. కుడిచేతివాటం వాళ్ళకు వంపు తమవైపు వస్తున్నంతసేపు చెయ్యి సాఫీగా పోతుంది. ఎదురుతిరిగితే మాత్రం ఎంతటి పనివాళ్ళకైనా మణికట్టు మెలిపడుతుంది. అలాంటి చోట్ల తెలివైనవాళ్ళు దారం తెంపి, అవతలివైపు నుంచి మళ్ళీ మొదలుపెడతారు. భోజనాలయ్యాక తలుపు దగ్గరి మూలలో సరిగ్గా అలాంటి వంపు వచ్చింది. అది తాగుబోతు దారి గడి.

“ఆ మూల అందరి కళ్ళూ పడే చోటు. నేను కూర్చుంటా,” అంది లొవాడా. దారం తెంపడం ఆమెకు చిన్నతనం. మెలిపడిన చేత్తోనే గడిలో సగం కుట్టింది. మిగతా సగం డెల్ఫియా కుట్టింది. ఇద్దరి మధ్యా ఐవా కూర్చుంది. అందరికీ ఎదురుతిరిగే వంపు ఎడమచేతికి తనవైపే వచ్చినట్టుంది. సూది నీళ్ళలో చేపలా పోయింది.

సాయంత్రం కొట్టంలో ఆవు అరిచింది. డెల్ఫియా పాలు పితకడానికి లేచింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే టోపీలు పెట్టుకుని వెళ్ళిపోయారు. లొవాడా ట్రక్కులోనే వెళ్ళాల్సిన ఆర్మిల్డా ఊగే కుర్చీలో కునుకుతోంది.

డెల్ఫియా పాలబాల్చీతో తిరిగి వచ్చేసరికి లొవాడా చట్రం మీదికి వంగి ఉంది. చేతిలో చిన్న కత్తెర. దారాలు టకటకా తెగుతున్నాయి.

డెల్ఫియా గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళు పడ్డ పాటంతా మళ్ళీ నేలమీద పోగులై పడుతోందనుకుంది. వంటింట్లోంచి ఐవా వచ్చింది.

“వదినా, ఏం చేస్తున్నావ్?”

“ఏం చెయ్యమంటావే? మీ అక్క మనసు మంచిదే గానీ, ఈ కుట్లు చూడు! కుక్క పళ్ళలా ఉన్నాయి. పక్కనే నావి చూడు, ఎంత ముచ్చటగా ఉన్నాయో! రెండూ ఒకే గడిలో ఉంటే జనం నన్నేమనుకుంటారు?”

ఐవా వంగి, ఆ ముచ్చటైన కుట్ల మీద వేలు పెట్టి మెల్లగా తడిమింది.

“వదినా, నువ్వు దారం ఎటునుంచి మొదలెడతావ్?”

“కుడినుంచి. అందరం అంతేగా.”

“మరి దీని ముడి ఎడమవైపు తగులుతోందేం?”

లొవాడా వేలితో తడిమి చూసింది. మరో వరస, ఆ పై వరస కూడా తడిమింది. ముళ్ళన్నీ ఎడమవైపే ఉన్నాయి.

“అయితే… ఇందాకటినుంచి నేను విప్పుతున్నవి…”

“నీవే, వదినా. బాగున్న సగం నీదేననుకున్నావ్,” అంది ఐవా.

ఊగే కుర్చీ ఆగింది. “ఆ మూల కూర్చుంటానని ఎగబడింది నువ్వే కదే లొవాడా!” అంటూ ఆర్మిల్డా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకుంది. ఐవా నీళ్ళిచ్చినా ఆ నవ్వు తగ్గలేదు.

డెల్ఫియా పాలబాల్చీ కింద పెట్టింది. అనాలంటే అనడానికి చాలా ఉంది. కేకు పళ్ళెం నాటినుంచీ కడుపులో దాచుకున్న మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ లోపలినుంచి పొంగుతున్నది కోపం కాదు, పట్టలేనంత సంతోషం. లోయలోకెల్లా గట్టి పనిమంతురాలు తన కుట్టును చూసి నాది అని చెప్పుకుంది. ఇంతకంటే పెద్ద బిరుదు ఏ కుట్టుపోటీలోనూ ఎవరూ ఇవ్వలేరు.

“జరుగు వదినా. ఆ విప్పింది నేను కుడతాను.”

కూర్చుని, ఎడమచేత్తో సూది ఎత్తింది. వంపు మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా, దారం తెంపకుండా మూలదాకా తీసుకెళ్ళింది. లొవాడా నిలబడి చూసింది. చూసి చూసి, ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, గొంతు తగ్గించి అడిగింది.

“ఆ మలుపు దగ్గర చెయ్యెలా తిప్పావే? ఇంకోసారి చూపించు. మెల్లగా.”

డెల్ఫియా చూపించింది. లొవాడా కళ్ళు మిగిలిన వరసల మీదికి పోయాయి. పక్క గడిలో తను ఎదురువంపున కుట్టినవి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిమీదికి కత్తెర చాపింది.

డెల్ఫియా ఆ చేతిని ఎడమచేత్తోనే పట్టుకుని ఆపింది.

“అది లోపల పెట్టెయ్ వదినా. మా ఐవా కప్పుకునే బొంత ఇది. దీనిమీద ఇక ఎవరి కుట్టూ విప్పేది లేదు. నాదీ లేదు, నీదీ లేదు.”